పాస్టరమ్మ కాళ్ళు

పాస్టరమ్మ అంటే పాస్టరు గారి భార్య అనుకునేరు. కాదు, ఆమే పాస్టరు. భర్త స్కూలు బస్సు నడుపుతాడు. టైర్ల కొట్టు పైఅంతస్తులో ఆమె ప్రార్థనా మందిరం. పొద్దున్నే వెళ్ళి కిటికీలు తెరిచి, అరవై కుర్చీలూ తుడిచి, కింద టైర్లు విప్పే మోత మొదలయ్యేలోగా ఆదివారం ప్రసంగం రాసుకునేది. ఆ తర్వాత కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు.

ఇది మాటవరసకి అంటున్నది కాదు. ఎవరింట్లో ఆపద ఉంటే ఆమె కాళ్ళు ఆ ఇంటికి నడిచేవి. ఎడమ కాలు ముందు కదిలితే జబ్బో చావో, కుడి కాలు కదిలితే తగువు. కొత్తలో కాళ్ళు లాగుతున్నాయని చెబితే డాక్టరు నొప్పులనుకుని మందు రాశాడు. మరుసటి వారం ఆ డాక్టరు తల్లి పోయిన అరగంటలో ఆమె వాళ్ళ గుమ్మంలో నిలబడింది. ఇంకెప్పుడూ ఆయన ఆ మందు రాయలేదు. ఇరవై రెండేళ్ళుగా వీధిలో అందరికీ ఇది అలవాటే. తూకం వేస్తుండగా ఆమె మధ్యలో వెళ్ళిపోతే కూరగాయల కొట్టతను సంచీ పక్కన పెట్టేసి, "సాయంత్రం వస్తుందిలే" అని తర్వాతివాళ్ళ బేరం చూసుకునేవాడు.

ఆ ఏడాది, ఇలాంటి మందిరాలన్నిటినీ నడిపే హెడ్డాఫీసు వాళ్ళు సంఘంలో అందరి ఫోన్లలోకీ 'ఆదరణ'ను పంపించారు. కృత్రిమ మేధతో పనిచేసే గొంతు అది. ఏ వేళ పలకరించినా పలుకుతుంది, బైబిలు వాక్యం చెబుతుంది, మన పేరు పెట్టి ప్రార్థన చేస్తుంది. చెప్పిందే పదిసార్లు చెప్పినా విసుక్కోదు. పాస్టరమ్మ కూడా ఒకరోజు చనిపోయిన తన అన్నయ్య గురించి దానికి చెప్పుకుని ప్రార్థన చేయించుకుంది. అయ్యాక కళ్ళు తుడుచుకుని, "నాకంటే బాగా చేసింది" అంది భర్తతో.

అప్పటినుంచి కాళ్ళు కదలడం తగ్గింది. రోజూ కదిలేవి వారానికోసారికి వచ్చాయి. తర్వాత అదీ లేదు.

ఒకరోజు పక్క సందులో బట్టలు కుట్టే అక్క ఆమెను ఆపి, "ఏమీ అనుకోనంటే ఒక మాట పాస్టరమ్మా" అంది.

"చెప్పక్కా."

"మావాడి తాగుడు గురించి మీకు చెప్పుకున్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. మర్నాడు మళ్ళీ మీ మొహం చూడాలి కదా. ఆదరణకి చెబితే ఆ సిగ్గు లేదు."

పాస్టరమ్మకు కోపం రాలేదు. అక్క ఉన్న మాటే చెప్పింది. కానీ ఇంటికొచ్చాక ఒక చోట కూర్చోలేకపోయింది. వంటగదిలోంచి ముందుగదిలోకి, ముందుగదిలోంచి వీధి గుమ్మంలోకి. గుమ్మంలో నిలబడి కాళ్ళ వంక చూసుకునేది. అవి మామూలు కాళ్ళలా ఊరికే ఉండేవి.

"కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? వచ్చి కూర్చో" అన్నాడు భర్త.

"ఇవి లాగినన్నాళ్ళూ ఎప్పుడు కూర్చుందామా అని ఉండేది. ఇప్పుడేమో కూర్చుంటే ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది."

"అందరూ బాగున్నారేమో. సంతోషించరాదా?"

"బాగుంటే నాకు తెలియదా?" అంది ఆమె. ఆ మాట అన్నాక తనకే అనుమానం వచ్చింది. బాగుండటం తెలిపే కాళ్ళు ఆమెకెప్పుడూ లేవు.

మూడు నెలలు గడిచేసరికి హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పద్నాలుగు చిన్న మందిరాలు మూసేసి పెద్దవాటిలో కలుపుతున్నారు. ఆమెదీ అందులో ఉంది. ఆ పాస్టర్లు పదవీ విరమణ అయినా తీసుకోవచ్చు, లేదా హెడ్డాఫీసులో కూర్చుని ఆదరణ ఇచ్చిన జవాబులు సరిచూసే పనిలో అయినా చేరొచ్చు. మంగళవారం పదకొండున్నరకి వచ్చి ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి.

మంగళవారం ఆమె వెళ్ళింది. అధ్యక్షుడు అరవై దాటిన మనిషి. పాస్టర్లందరి మీదా ఆయనే పెద్ద. ఆమె ముందు రెండు కాగితాలు పరిచి పెన్ను మూత తీసి ఇచ్చాడు.

"ఏమనుకున్నారు?"

"జవాబులు సరిచూసే పని నాకు కుదరదండీ. రోజంతా కూర్చుంటే ఈ కాళ్ళు..."

"మీ కాళ్ళ సంగతి ఫైల్లో ఉంది. ఈమధ్య నెమ్మదించాయని కూడా రాశారు."

"అవునండీ."

"మరింకేం" అని ఆయన పదవీ విరమణ కాగితాన్ని కొంచెం ముందుకు జరిపాడు.

ఆమె పెన్ను అందుకుంది. సరిగ్గా అప్పుడే కాళ్ళు రెండూ ఒక్కసారిగా కదిలాయి. ఇరవై రెండేళ్ళలో రెండూ కలిసి ఎప్పుడూ కదల్లేదు. కుర్చీ వెనక్కి జరిగింది. ఆమె లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన ఆగింది.

ఆయన ఆమె పాదాల వంక చూశాడు. "తలుపు అటుందమ్మా."

"తెలుసండీ. ఇవి ఇటే వచ్చాయి."

ఆయన వినిపించుకోనట్టు, ఏ మందిరాన్ని ఎందులో కలుపుతున్నారో చెప్పుకుపోయాడు. ఆమె అక్కడే నిలబడింది. ఆయన గోడ గడియారం చూశాడు, కాసేపాగి మళ్ళీ చూశాడు. ఆరో మందిరం దగ్గర మాట ఆగిపోయింది. సొరుగు లాగి ఆసుపత్రి కవరు ఒకటి బల్ల మీద పెట్టాడు.

"పన్నెండింటికి రమ్మన్నారు. పరీక్షల ఫలితాలు చెబుతారట. పని ఉందని వంక పెట్టడానికే మిమ్మల్ని ఈ వేళకి రమ్మన్నాను."

"ఇలా ఎన్నిసార్లయింది?"

"ఇది మూడోసారి. ఆదరణకి రోజూ చెబుతూనే ఉన్నాను. ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్ళమని అదీ రోజూ చెబుతూనే ఉంది." ఆయన కవరు మూల మడిచి, మళ్ళీ విప్పాడు. "ఎవరిని పిలవను? ఇంట్లో ఎవరూ లేరు. బయట అందరికీ నేను అధికారిని."

"కోటు వేసుకోండి" అంది ఆమె.

ఆసుపత్రి రెండు వీధుల అవతల. దారిలో ఆయన రెండుసార్లు ఆగాడు. మొదటిసారి చెప్పు సరిచేసుకోవడానికి, రెండోసారి ఏ కారణమూ లేకుండా. ఆయన ఆగినప్పుడల్లా ఆమె కాళ్ళూ ఆగాయి.

ఆసుపత్రి బల్ల దగ్గర నర్సు ఫారం తీసి, "లోపలికి వెంట ఎవరొస్తున్నారు?" అని అడిగి, పాస్టరమ్మ వైపు తిరిగింది. "మీరు ఈయనకి ఏమవుతారు?"

పాస్టరమ్మ ఫారం వంక చూసింది. చుట్టం కాదు, స్నేహితురాలు కాదు. ఇంకో గంటలో ఉద్యోగి కూడా కాకపోవచ్చు.

"మా పాస్టరమ్మ" అన్నాడు అధ్యక్షుడు.

"అలాంటి గడి లేదండీ. భార్య, పిల్లలు, తోబుట్టువులు, అంతే."

"అయితే పక్కన రాయండి."

నర్సు పక్కన ఖాళీలో రాసింది.

పది రోజుల్లో ఆపరేషన్ అయింది. గడ్డ చిన్నగా ఉండగానే దొరికిందనీ, ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే చెయ్యి దాటిపోయేదనీ డాక్టర్లు అన్నారు. ఆయన ఆఫీసుకి తిరిగొచ్చేసరికి పద్నాలుగు మందిరాల్లో తొమ్మిది మూతపడ్డాయి. వాటి గురించి ఆయన చేయగలిగింది ఏమీ లేకపోయింది. మిగిలిన ఐదింటిని మూయకుండా ఆపాడు. పాస్టరమ్మదీ వాటిలో ఒకటి. ఎవరినైనా వెంటబెట్టుకు వెళ్ళమని ఆదరణ చెప్పినా వెంట ఎవరూ లేనివాళ్ళు ఉంటే, వాళ్ళు సరేనంటే, దగ్గరలోని పాస్టరుకి కబురు అందాలని ఉత్తర్వు రాశాడు. కమిటీలో కొందరు సణిగారు.

ఆ సాయంత్రం బల్ల సర్దుతుంటే పదవీ విరమణ కాగితం బయటపడింది. సంతకం చోటు ఖాళీగానే ఉంది. ఆయన కాసేపు దాన్ని చదువుకుని, పైన ఉన్న పాస్టరమ్మ పేరు కొట్టేసి, తన పేరు రాసుకుని, కింద సంతకం పెట్టాడు.