చెవి మేస్త్రి చెప్పిన మాట

ఫోను మోగేసరికి చెవి మేస్త్రి ఒక కారు బానెట్ కింద నడుం వంచి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకి ఆనించి, పిడిని కుడిచెవికి నొక్కుకుని ఉన్నాడు.

"మేస్త్రీ, వచ్చేసిందయ్యా కొత్త బండి!" పోస్టుమాస్టరు గొంతు పెళ్ళికొడుకు గొంతులా ఉంది. "మూడింటికి చేతికిస్తారట. పాతదాన్ని తుక్కుకి తీసుకుపోయే లారీ నీ షెడ్డుకే వస్తుంది. మా ఆవిడ పొద్దున్నుంచి నాలుగుసార్లు చెప్పులు మార్చింది!"

"సంతోషం సార్," అన్నాడు మేస్త్రి.

షెడ్డు మూలన ఆ పాత కారు ఉంది. లేత ఆకుపచ్చ రంగు, ముప్పై నాలుగేళ్ళ వయసు. డ్రైవరు పక్క తలుపు తుంటితో తడితేనే పడుతుంది. మేస్త్రి అటు చూడకుండా చేతులు తుడుచుకున్నాడు.

నలభై ఏళ్ళుగా అతనికున్న ఆస్తి ఆ చెవే. ఇంజను జబ్బును విని చెప్పేస్తాడు. అరచేతుల గీతల్లో నల్లనూనె ఇంకిపోయింది, కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టి ఉంటుంది, టీ గ్లాసు పెట్టుకోవడానికి బోర్లించిన పాత పిస్టను. చెడిపోయిన స్ప్రింగుల్లో ముచ్చటైనవి ఏరి భార్యకి ఇస్తే, ఆవిడ వాటికి తాళంచెవులు తగిలించుకుంటుంది. ఇంతకుమించి అతని గురించి చెప్పుకోవడానికి ఊళ్ళో ఎవరికీ ఏమీ లేదు.

రెండు వారాల కిందట ఆ పచ్చకారు ఇంజనులో టక్ టక్ మని చప్పుడు మొదలైంది. ఆదివారం కావడంతో పాత కార్ల పిచ్చివాళ్ళంతా షెడ్డు దగ్గరే ఉన్నారు. అలాంటి చప్పుడు వింటే ముందు పెట్రోలు పంపు విప్పి చూడాలి. దాని మీట అరిగినా అచ్చం ఇంజను లోపలి బేరింగు పోయినట్టే మోగుతుంది. పని నేర్చుకున్న మొదటి ఏడే తెలిసే సంగతి. కానీ అందరూ చుట్టూ మూగి, ఊపిరి బిగబట్టి తన ముఖంలోకే చూస్తున్నారు. మేస్త్రి స్క్రూడ్రైవరు చెవికి పెట్టి, కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపాడు.

"బేరింగు పోయింది సార్. ఇక దీని పనైపోయింది."

ఆ మాటతోనే పోస్టుమాస్టరు అల్లుడు మామగారి పేర కరెంటు కారు బుక్ చేయించాడు.

మొన్న బుధవారం మనసు ఆగక మేస్త్రి ఒక్కడే ఉన్నప్పుడు ఆ పంపు విప్పాడు. ఖాళీ అయిన చోట రేకుముక్క బిగించి, కార్బురేటరులో మిగిలిన పెట్రోలుతోనే ఇంజను నడిపాడు. నిమిషం నడిచింది. ఆ నిమిషంలో ఒక్క టక్ వినపడలేదు. ఆగిపోయాక పాత పంపునే మళ్ళీ బిగించేసి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు.

పది గంటలకి సభ కూడింది. పోస్టుమాస్టరు మిఠాయి డబ్బాతో, అల్లుడితో వచ్చాడు. వారానికోసారి తన కారును అందరిచేతా తోయించే తోపుడు లెక్చరరు అప్పటికే బెంచీ మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"చప్పుడు లేని బండి ఎక్కితే కారెక్కినట్టుంటుందా? లిఫ్టు ఎక్కినట్టుంటుంది," అన్నాడు లెక్చరరు.

"మీ బండెక్కితే మాకు జిమ్ముకెళ్ళినట్టుంటోంది బాబాయ్," అన్నాడు అల్లుడు.

"నవ్వు నవ్వు. దారిలో చార్జింగు అయిపోయినప్పుడు చూస్తా నీ ముఖం."

"పెట్రోలు అయిపోతే మీరు డబ్బా పట్టుకుని నడవలేదా? పదేళ్ళు పోతే రోడ్డు మీద అన్నీ ఇవే."

"పదేళ్ళు నీ బ్యాటరీ బతికుంటే అప్పుడు మాట్లాడదాం. ముప్పై నాలుగేళ్ళు బతికినదాని ముందు నిలబడి కోతలు కోయకు!"

పోస్టుమాస్టరు ఆ గొడవలోకి దిగలేదు. పచ్చకారు బానెట్ మీద చెయ్యి ఆనించి, "మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇందులోనే తెచ్చాం," అన్నాడు అల్లుడితో. "మీ ఆవిడే! దారంతా రెండో గేరు దాటలేదు. వెనకాల బస్సువాడు తిట్టని తిట్టు లేదు." మిఠాయి ఒకటి తీసి మేస్త్రి చేతిలో పెట్టాడు. "ఇంకెవడు చెప్పినా దీన్ని వదిలేవాణ్ణి కాదు. చెప్పింది మేస్త్రి చెవి. ఇక తిరుగులేదనుకున్నా."

మేస్త్రి ఆ మిఠాయి నోట్లో వేసుకున్నాడు. నములుతూనే పక్క కారు బానెట్ కిందికి తల దూర్చాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర కంచంలో గీతలు గీస్తున్న మొగుణ్ణి భార్య కాసేపు చూసింది. "బుధవారం నుంచీ ఇదే వరస. ఏమైందో చెబుతారా, చెవిలో స్క్రూడ్రైవరు పెట్టి వినమంటారా?"

చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

"మొన్న శుక్రవారం దాకా టైముండింది కదండీ. పాతబండిని తుక్కుకిచ్చే కాగితాల మీద ఆయన సంతకం పెట్టకముందే చెప్పాల్సింది."

"పేరు పోతుందని..."

"పోతే పోయేది పేరే. ఆయనకైతే బండి పోతోంది." ఆవిడ లేచి కంచం తీసేసింది. "వెళ్ళండి. లారీ వచ్చే వేళవుతోంది."

అతను షెడ్డుకొచ్చి రేకుపెట్టె తెరిచాడు. అడుగున, బుధవారం సాయంత్రం కొని కాగితంలో చుట్టి దాచిన కొత్త పంపు ఉంది. బయటికి తీశాడు.

లారీ వచ్చేసరికి పాత పంపు అతని ఎడమచేతిలో ఉంది. పోస్టుమాస్టరూ అల్లుడూ దాని వెనకే వచ్చారు.

"ఒక్కసారి స్టార్టు చెయ్యండి సార్," అన్నాడు మేస్త్రి.

పోస్టుమాస్టరు తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. తర్వాత నిద్రపోయే పిల్లి గుర్రుమన్నట్టు ఒకే లయలో నడిచింది. ఎంతసేపు విన్నా అంతే.

"ఇదేంటి, టక్ టక్ ఏమైంది?" అన్నాడు అల్లుడు.

పోస్టుమాస్టరు కారు దిగలేదు. కిటికీలోంచి మేస్త్రి చేతిలోని పంపును చూశాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"బుధవారం."

"నేను సంతకం పెట్టింది?"

"శుక్రవారం సార్."

లారీవాడు వాలుబల్ల దించి, "ఎక్కించమంటారా?" అని అరిచాడు. అల్లుడు నసిగాడు, "దీని నంబరు రద్దయిపోయింది మామయ్యా. ఇది వెళ్తేనే అది చేతికొస్తుంది. అక్కడ అత్తయ్య ఎదురుచూస్తోంది..."

పోస్టుమాస్టరు మొదటి గేరు వేశాడు. తనే నడిపి లారీ పైకి ఎక్కించాడు. మెల్లగా దిగి, తలుపును తుంటితో తట్టి మూశాడు. లారీ మలుపు తిరిగేదాకా ముగ్గురూ నిలబడ్డారు. అంత మంచి ఇంజనును తుక్కు కింద పంపిన చెవి ఎర్రగా కాలిపోతోంది మేస్త్రికి.

"మీరు తిట్టండి సార్," అన్నాడు చివరికి.

"తిడతాను. ఇవాళ కాదు, మా ఆవిడ సరదా పాడుచెయ్యలేను." పోస్టుమాస్టరు అతని ముఖం వైపు చూడలేదు. రెండడుగులు వేసి ఆగాడు. "తుక్కు యార్డు రేపు పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. ఏడింటికల్లా కొత్త బండిలో వస్తాను, తయారుగా ఉండు. బండి ఇవ్వకపోయినా ఇంజనన్నా ఇమ్మని అడుగుదాం. నేను గడ్డం పట్టుకుంటాను, నువ్వు కాళ్ళు పట్టుకో."

"అలాగే సార్," అన్నాడు మేస్త్రి.

వాళ్ళు వెళ్ళాక స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, షట్టరు దించి ఇంటికి బయల్దేరాడు. లోపల బోర్లించిన పిస్టను పక్కన పాత పంపు ఒంటరిగా ఉంది, అరిగిన మీట మీద అతని వేలిముద్ర ఇంకా తడిగానే ఉంది.