ఎనిమిదీ నలభైకి ఆగిన బళ్ళు

కంప్యూటరుకు మొహమాటం ఉండదు. నాలుగు రోడ్ల కూడలిలో, తూర్పు రోడ్డు మీద ఒక్కో బండి సగటున ఇరవై సెకన్లు ఆగుతుందని లెక్కగట్టి, ఆ మాట మీదే భీష్మించుకు కూర్చుంది. పాతికేళ్ల కిందటి సర్వే కాగితం మాత్రం ఉదయం ఎనిమిదీ నలభైకి నలభై ఏడు సెకన్లు అంటోంది. సోమవారం నుంచి గురువారం దాకా అదే తంతు. శుక్రవారం ఇరవై తొమ్మిది.

రోడ్ల ప్రణాళిక ఆఫీసులో ట్రాఫిక్ మోడల్ తయారుచేసే ఇంజనీరమ్మకు ఆ వరస కంట్లో నలుసైంది. పాత రోజుల రద్దీని ఉన్నదున్నట్టు చూపించగలిగితేనే, రాబోయే రోజుల గురించి మోడల్ చెప్పేది ఎవరైనా నమ్ముతారు.

"ఆ వరస కొట్టేయండి, పీడా పోతుంది," అన్నాడు పెద్దసారు. "లెక్క రాసినవాడు కునుకు తీసుంటాడు. సోమవారం నాకు రిపోర్టు కావాలి."

కొట్టేయడమెంతసేపు? కానీ ఆమెకు చేయి రాలేదు. ఆ రోజుల్లో ఆ కూడలిలో సిగ్నల్ దీపాలు లేవు. మధ్యలో దిమ్మె మీద నిలబడి బళ్ళను ఆపిందీ, వదిలిందీ ఆమె నాన్న. "నా డ్యూటీలో ఒక్క బండి కూడా ఊరికే ఆగలేదు" అని ఆయన ఇప్పటికీ మీసం దువ్వుకుంటాడు. ఆ వరస నిజమైతే ఆ గొప్ప అబద్ధమవుతుంది. అడగాలంటేనే ఆమెకు భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్, సర్వే కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. అమ్మ పోయాక ఈ ఆరేళ్లుగా ఆయన ఆమె దగ్గరే ఉంటున్నాడు.

"నాన్నా, ఎనిమిదీ నలభైకి తూర్పు రోడ్డు ఎందుకంతసేపు ఆపావు?"

ఆయన కళ్లజోడు సర్దుకుని కాగితం మీద తేదీలు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అది మీ అమ్మ షిఫ్టు టైము."

కూడలి అవతలి చొక్కాల ఫ్యాక్టరీలో అమ్మ కాజాలు కుట్టేది.

"అమ్మ కోసం రోడ్డంతా ఆపేశావా?"

"నడిచేవాళ్లని దాటించడం నా డ్యూటీ కాదూ?" అని గయ్యిమన్నాడు. అంతలోనే చల్లబడ్డాడు. "ఆ వారం మాకు మాటల్లేవమ్మా. మీ అమ్మ కుట్టుమిషను అడక్కుండా మీ అత్తకిచ్చేశాను. ఇంట్లో నా మొహం చూసేది కాదు. అక్కడైతే తప్పదుగా, నేను చెయ్యెత్తితేనే దాటాలి."

ఆ వారం ఆమెకు బాగా గుర్తుంది. "మీ నాన్నకి భోజనం పెట్టానని చెప్పు." "వినపడిందని మీ అమ్మకి చెప్పు." మూడడుగుల దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్యా కబుర్లు మోయలేక తన ప్రాణం విసిగిపోయేది. అంత చిన్న ఇంట్లో అంత పెద్ద కోపం! ఇప్పుడు ఆ కోపం కూడా కావాలనిపించింది.

తెర మీద తూర్పు రోడ్డుకు చిన్న చుక్కలా ఒక పాదచారిని చేర్చింది. ఆ చుక్క దాటేదాకా బళ్ళు ఆగేట్టు చేసి, మోడల్ నడిపింది. ఇరవై తొమ్మిది! అచ్చం శుక్రవారం లెక్క. మిగతా నాలుగు రోజులే కుదరలేదు.

"శుక్రవారం ఏమైంది?"

"గురువారం సాయంత్రం మిషను వెనక్కి మోసుకొచ్చా." ఆయన తెర మీదికి వంగాడు. "ఈ చుక్క పరిగెడుతోందమ్మా. కోపమొస్తే మీ అమ్మ నడక నీకు తెలీదూ? నడిరోడ్డులో ఆగి చెప్పు సర్దుకునేది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకునేది. బస్సులు హారన్లు మోగిస్తుంటే తాపీగా నా వంక ఓ చూపు చూసేది. అంతవరకూ చెయ్యి దించే దమ్ము నాకెక్కడిది?"

ఆమె చుక్క నడక వేగాన్ని సగానికి తగ్గించింది. నడిరోడ్డులో కాసేపు ఆగేట్టు చేసింది. మళ్ళీ నడిపింది.

నలభై ఏడు.

"సరిపోయింది నాన్నా!" అని అరిచింది. ఆయన అంకె వైపు చూడనేలేదు. అవతలి గట్టు చేరబోతున్న చిన్న చుక్కనే చూస్తున్నాడు.

"ఇంకొంచెం నెమ్మదిగా నడిపించలేవూ?"

"లెక్క తప్పుతుంది నాన్నా."

"తప్పనీ," అన్నాడాయన.