ఉత్తరపు గోడలో తూము

పాతికేళ్లుగా మా అక్క నాతో తొండి ఆటే ఆడింది. పాచికలు మోకాలి కింద దాచేసేది. గళ్లు లెక్కపెడుతూ ఒకటి మింగేసేది. పట్టుకుంటే, దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, నా మీదే ఇంతెత్తున లేచేది. పైగా నన్ను "మొద్దూ" అనడమే తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

అక్క తాపీమేస్త్రీ. మూడు నెలల కిందట కోట గోడ బాగుచేస్తూ పరంజా మీంచి పడింది. తలకు దెబ్బ తగిలింది. అప్పట్నుంచి మహా మర్యాదస్తురాలైపోయింది. మంచినీళ్లిస్తే "థాంక్సమ్మా" అంటుంది. నేను కసిరితే "సారీ" అంటుంది! స్కానింగులో అంతా బాగుందన్నారు డాక్టరుగారు. అంతా బాగుంటే మరి మా అక్కేది? ఈ మంచిమనిషితో నేనెలా వేగను?

ఆ భయంతోనే ఒకరోజు పొద్దున్నే ఆమెను ఆ కోటకే తీసుకెళ్లాను. మేం ఆడే ఆట ఆ కోట ముట్టడి మీద తయారుచేసిందే. బయట నా సైన్యం, లోపల అక్క సైన్యం, ఇద్దరికీ గింజల బస్తాలు. వంతు వంతుకీ లోపలివాళ్ల గింజల బస్తా ఒకటి తరుగుతుంది. అన్నీ అయిపోతే కోట నాది.

ఉత్తరపు గోడ నీడలో, రాతి అరుగు మీద బోర్డు పరిచాను. అక్క పాచికలు నాకు చూపించి మరీ వేసింది. గళ్లు పైకి లెక్కపెట్టింది. కావాలనే అటు తిరిగి చాలాసేపు నీళ్లు తాగాను. ఒక్క పావు కూడా కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆమెకు ఒక్క బస్తా మిగిలింది.

"ఓడిపోయినట్టున్నాను కదమ్మా?" అంది.

"అవునక్కా," అన్నాను.

అక్క బోర్డు వంక చూసింది, గోడ వంక చూసింది. లేచి వెళ్లి, గోడ అడుగున రాళ్లు తడిమింది.

"బోర్డులో ఈ తూమేదే?"

"ఏ తూము?"

"ఇదుగో, వాన నీళ్లు బయటికి పోయేది. దీని రాళ్లు నేనే మళ్లీ పేర్చాను. మనిషి పాక్కుంటూ పోవచ్చు."

"బోర్డు మీద లేనిది ఆటలో లేనట్టే."

"బోర్డు మీద లేకపోతేనేం, గోడలో ఉందిగా! కళ్లు కనబడట్లేదా?"

గబగబా వచ్చి కూర్చుని, తన సైనికుల్ని గోడ గీత మీంచే నా శిబిరంలోకి తోసేసి, నా బస్తాలు లాక్కుంది.

"రెండు తెచ్చుకున్నా."

"మూడు తీశావు!"

"లెక్కలు నీకెప్పుడొచ్చాయి గనక!" అని ఇంతెత్తున లేచింది.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వుదామనుకుంటే కళ్లనీళ్లు బొటబొటా కారాయి.

"ఓడిపోతున్నానని ఏడుస్తున్నావా మొద్దూ?"

"అవునే, తొండిదానా!" అన్నాను.

తర్వాతి వంతు నాది. పాచికల కోసం బోర్డంతా వెతికాను, అరుగు కింద వెతికాను. అక్క కోట బురుజుల వంక తెగ చూస్తోంది.

మోకాలు మాత్రం ఎత్తట్లేదు.