చెప్పిన మాటే చెప్పాలె

భువనగిరి గుట్ట కనిపించేంత దూరంలో ఓడల చదువు చెప్పే అకాడమీ ఒకటుంది. సముద్రం మాత్రం లేదు. రేకుల షెడ్డులో ఒక చుక్కాని చక్రం, దాని ముందు గోడంత తెర, ఆ తెర మీద అలలు. పిల్లలు ఓడ నడపడం నేర్చుకునేది అక్కడే.

ఆ తెర ముందే నాగరాణి ఫెయిలయింది. చక్రం తిప్పడంలో తప్పేమీ లేదు. రఘుపతి సార్ "పోర్ట్ టెన్" అంటే ఎడమకు సరిగ్గా పది డిగ్రీలు తిప్పింది. కానీ నోరు తెరవలేదు. చుక్కాని పట్టినవాళ్లు విన్న ఆజ్ఞను మళ్లీ గట్టిగా చెప్పాలి. అది ఓడ మీద రూలు.

"నువ్వు విన్నావని నాకెలా తెలియాలి?" అన్నాడు సార్. "సోమవారం మళ్లీ పరీక్ష. అదీ పోతే నీ బ్యాచ్ ఓడెక్కుతుంది. నువ్వు ఈ తెర చూస్తూ కూర్చుంటావు."

రూలు ఆమెకు తెలుసు. నోరే రాదు. వాళ్లింట్లో పెద్దవాళ్ల మాటను తిరిగి అంటే వెక్కిరించినట్టు లెక్క. ఆ లెక్క పెట్టింది అవ్వ సైదమ్మ.

శనివారం ఊరికొచ్చింది. పానగల్ దాటితే వాళ్లూరే. బాపు చెన్నయ్య గొర్ల వెంట ఉన్నాడు కాబట్టి పొలం నుంచి వరిగడ్డి ట్రాక్టర్‌ను తనే తోలుకొచ్చింది. దొడ్డి గేటు ఇరుకు. లోపలికి వచ్చేటప్పుడు గేటుకు ఎడమ పక్క పొరుగింటి మెహరాజ్ కొత్తగా కట్టించిన గోడ, సిమెంటు పూత ఇంకా ఆరలేదు. మెహరాజ్ తన గడప మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. అవ్వ దొడ్డి లోపల, ట్రాక్టర్‌కు ఎదురుగా కట్టె పట్టుకుని నిలబడింది. ఆ ఇంట్లోకి ఏ బండి రావాలన్నా ఆజ్ఞ ఆమెదే.

"మెల్లగ రా!"

నాగరాణికి సోమవారం గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని అరిచింది. "మెల్లగ రా!"

"ఎక్కిరిస్తున్నవా పోరీ? ఓడలు నేర్చుకొమ్మని పంపితే గిదేనా నేర్చింది?"

"ఎక్కిరిచ్చుడు గాదవ్వా, మా సదువే గది. నువ్వు చెప్పింది నేను మళ్ల చెప్పాలె."

"నేను చెప్పింది నాకే చెప్తవా? నేనేమన్న చెవిటిదాన్నా?"

"చెప్పనియ్యి అవ్వా," అంది మెహరాజ్. "మీ ఇంట్ల నీ మాట ఒకరన్న ఇన్నట్టు ఇయ్యాల్నే తెలుస్తాంది."

అవ్వ మెత్తబడింది. ముఖంలో మాత్రం కనిపించనీయలేదు.

"ఎడమ దిక్కు మలుపు!"

"ఎడమ దిక్కు మలుపు!" నాగరాణి స్టీరింగ్ తిప్పింది. గడ్డి గోడ మీదికి పోసాగింది. మెహరాజ్ ఒళ్లోని బెండకాయలు కింద పోసుకుని లేచింది.

తన మాట ఎదురొచ్చి చెవిన పడేసరికి అవ్వ కట్టె పైకి లేచింది. "ఆగు! ఎడమంటవేందే! అటు గోడ లేదా?"

బ్రేకు పడింది. గోడకూ గడ్డికీ మధ్య బెత్తెడు జాగా మిగిలింది.

"నువ్వే అన్నవవ్వా!"

"నా ఎడమ గిటుంది గదనే!" అవ్వ ఊపిన చెయ్యి నాగరాణికి కుడివైపు. "మీ బాపు ఏనాడన్న నా మాట ఇన్నడా? కట్టె జూసి తోల్తడు."

"నేను ఇన్న గాబట్టి గోడ దాక పోయిన. మళ్ల చెప్పిన గాబట్టి ఆగిన."

"పూత గీరుకపోతే మీ ఇద్దరితోనే పూయిస్తుంటి," అంది మెహరాజ్, బెండకాయలు ఏరుకుంటూ.

గడ్డి లోపలికి చేరింది గానీ, ఆ రోజంతా అవ్వ ఊరికే ఉండలేదు. నీళ్లు పెట్టమని, కోళ్లను గంప కింద కమ్మమని, చెప్పిందల్లా తిరిగి చెప్పించుకుంది. చెన్నయ్య వచ్చి, కాసేపు చూసి, గిన్నెలో అన్నం పెట్టుకుని గొర్ల దగ్గరికే పోయాడు.

సోమవారం నాగరాణి గొంతుకు షెడ్డు రేకులు మోగాయి.

"పోర్ట్ టెన్!"

"పోర్ట్ టెన్, సార్!"

తెర మీద ఓడ తిరిగింది. సార్ ఎన్ని చెప్పినా ఒక్క మాటా తప్పలేదు. చివరికి ఆయన పెన్నుకు మూత పెట్టాడు.

"చాలు. దిగు."

"చాలు, దిగు, సార్!"

షెడ్డంతా నవ్వింది. నాగరాణి నాలుక కరుచుకుంది. సార్ కళ్లద్దాలు తీసి ఆమెనే చూశాడు.

"పాస్," అన్నాడు.

ఆమె పెదవి కదపలేదు.

"ఏమ్మా, విన్నావా లేదా?"

"పాస్, సార్!"