బళ్లకు వెళ్లిపోయిన కథ

వికారాబాద్‌లో అనంతగిరి గుట్టలకు వెళ్లే దారిలో ఒక ట్రస్టు వాళ్ల ఇల్లుంది. రచయితలను పిలిచి, నలభై రోజులు అక్కడ ఉంచుకుని రాసుకోమంటారు. ఆ వానాకాలం పిల్లల కథలు రాసే అతియాను పిలిచారు. ఆమెది తాండూరు. అక్కడి ప్రైవేటు బడిలో తెలుగు చెప్తుంది. ఇంట్లో మాటంతా ఉర్దూ అయినా, రాత మాత్రం తెలుగే. తనకంటూ ఒక గది, ఒక బల్ల దొరకడం ముప్పై ఎనిమిదేళ్లలో ఆమెకు ఇదే మొదలు.

పొద్దున్నే వంటచేసే ఈశ్వరమ్మ చాయ్ తెచ్చిపెట్టి, "ఇయ్యాల ఎంత రాస్తవమ్మా?" అని అడిగేది, ఎంత నాటేస్తవని అడిగినట్టు. మధ్యాహ్నం దాకా రాత. జొన్నరొట్టె తిని, వాన తెరిపిస్తే గుట్ట దారిలో నడక. సాయంత్రం ఆరింటికి కూతురు ముబీనాకు వీడియో కాల్.

తొమ్మిదేళ్ల ముబీనా ఏ కథనైనా అందరికంటే ముందు వింటుంది. కథల విషయంలో తల్లీకూతుళ్లది తెలుగే. అప్పుడు రాస్తున్నది ఒక కుంటి కుక్క కథ. ఊరంతా దాన్ని రాళ్లతో కొడుతుంది. చిన్ని అనే పిల్ల ఒక్కతే దాని ఎదురుగా నేల మీద కూర్చుని చేయి చాపుతుంది. కుక్క కుంటుకుంటూ వచ్చి ఆ చేతిని నాకుతుంది. అక్కడికి రాగానే ముబీనా, "ఇంకోసారి చదువు అమ్మీ" అంది.

ఆ కథను పదో రోజున, బడిపిల్లల కోసం ట్రస్టు వేసే చిన్న పుస్తకాలకని, అక్కడి పనులు చూసే మహేందర్‌కు ఇచ్చింది.

పన్నెండో రోజు నుంచి వీడియో ఆగిపోయింది. "కెమెరా ఖరాబైంది" అన్నాడు భర్త యూసుఫ్. ముబీనా గొంతు మాత్రమే వినిపించేది, అదీ నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు. జలుబేమో అనుకుంది అతియా. రాత సాగుతోంది కదా అని తరచి అడగలేదు.

పద్దెనిమిదో రోజు పొద్దున ఆడబిడ్డ ఖుర్షీదాకు ఫోన్ చేసింది. మాటల మధ్య ఖుర్షీదా, "ఫికర్ చేయకు, కుట్లు రేపు తీస్తరు" అనేసి ఆగిపోయింది.

"ఏం కుట్లు ఆపా?"

ఖుర్షీదా గొంతు తగ్గించింది.

"కుక్క కరిచింది అతియా. చెంప మీద. నీ రాత పాడైతదని యూసుఫ్ చెప్పొద్దన్నడు."

అతియా చేతిసంచీతో స్టేషన్‌కు పరుగెత్తింది. దొరికిన రైలెక్కి మధ్యాహ్నానికి తాండూరులో దిగింది. ఇంట్లో ముబీనా మంచం మీద కూర్చుని ఉంది. ఎడమ చెంపంతా తెల్లటి పట్టీ. తల్లిని చూసి నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది.

యూసుఫ్ నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర పనిచేస్తాడు. ఆ రోజు పనికి పోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "పాల పాకెట్ తెమ్మని నేనే పంపిన. నేను పోతే అయిపోయేది. రెండు సూదులైనయ్, ఇంక రెండున్నయ్" అన్నాడు. తల ఎత్తలేదు.

అతను మందులకని బయటికి వెళ్లాక ముబీనా తల్లి చెవి దగ్గరికి జరిగింది.

"అమ్మీ, అబ్బాకు చెప్పనంటే ఒకటి చెప్త."

"చెప్పను."

"అది కుంటుతుండె. నేను చిన్ని లెక్కనే కింద కూసొని చేయి చాపిన. మంచిగనే కూసున్న. అది ముందుగాల్ల వాసన చూసింది. అటెంక ఒక్కసారే ఎగిరింది." కాసేపాగి, "నేను తప్పు కూసున్ననా?" అని అడిగింది.

అతియా బిడ్డను దగ్గరికి తీసుకోబోతే పట్టీ అడ్డమొచ్చింది. తల మీద చేయి వేసి, "లేదు బేటా. నువ్వు మంచిగనే కూసున్నవ్" అంది.

మర్నాడు కుట్లు తీశారు, మూడో సూది వేశారు. మచ్చ పెద్దయ్యాక తగ్గొచ్చన్నాడు డాక్టరు. యూసుఫ్ అన్నం సరిగా తినడం లేదు. "నేనే పంపిన" అనే మాట రోజుకు నాలుగుసార్లు అనేవాడు. "నీ తప్పు కాదు" అని అతియా అనేది. ఎవరి తప్పో చెప్పాలంటే బిడ్డకిచ్చిన మాట అడ్డు.

నాలుగు రోజుల తర్వాత ఆమె వికారాబాద్ వెళ్లింది, రాయడానికి కాదు, ఆ కథను వెనక్కి తీసుకోవడానికి.

మహేందర్ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. "పాపకెట్లుంది మేడం?"

"మంచిగనే ఉంది. సార్, నేనిచ్చిన కథ వాపస్ ఇవ్వండి. దాన్ని మార్చాలె."

అతను సొరుగులోంచి సన్నని పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. అట్ట మీద కుంటి కుక్క, దాని ముందు చేయి చాపి కూర్చున్న పిల్ల.

"మీకు చెప్దామనుకునేలోపే మీరు ఊరికి పోయిన్రు. మర్పల్లి, దోమ, పరిగి బళ్లకు మీరు పోయిన మర్నాడే పంచినం. పిల్లలకు మస్తు నచ్చింది."

అతియా జరిగిందంతా చెప్పింది. మహేందర్ ముఖం పాలిపోయింది. "కథే కద మేడం..." అని మొదలుపెట్టి, ఆమె కళ్లు చూసి ఆపేశాడు. బళ్ల ఫోన్ నంబర్ల కాగితం తీసి ఇచ్చాడు. తర్వాతి పుస్తకంలో హెచ్చరిక వేద్దామన్నాడు. అది మూడు నెలలకు గానీ రాదు.

ఆమె గదిలో కూర్చుని ఒక్కో నంబరుకూ ఫోన్ చేసింది. కొందరు ఎత్తలేదు. ఒక హెడ్మాస్టరు పిల్లలకు చెప్తానన్నాడు, అతని వెనక గదిలో ఎవరో నవ్వుతున్నారు. ఒక టీచరు పుస్తకాలు పిల్లలు ఇళ్లకు తీసుకుపోయారంది. ఈశ్వరమ్మ తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది.

దోమ దగ్గరి ఒక బడిలో టీచరు చాలా సంబరపడింది. "మీరేనా మేడం రాసింది! ఉండండి, రుచిత అని ఒక పిల్ల ఉంది, మీతోని మాట్లాడుతదట." అతియా చెప్పేది వినకుండానే ఫోన్ పిల్ల చేతికిచ్చింది.

"నమస్తే మేడం. మా గల్లీల గూడ ఒక కుంటి కుక్క ఉంది."

అతియా లేచి నిలబడింది. "దాని దగ్గరికి పోకు బిడ్డా. కథల రాసింది నిజం కాదు. అది కరుస్తది."

"కరవది మేడం. నేను రోజు చేయి చాపుతున్న. నిన్న జర దగ్గరికి వచ్చింది."

"వద్దు రుచితా, నా మాట విను. మా బిడ్డను కరిచింది..."

"అది వేరే కుక్క అయ్యుంటది మేడం" అంది రుచిత, ఎంతో ఓర్పుగా, ఆమెను ఓదారుస్తున్నట్టు. "మాది గట్ల చేయది. మీరు రాసినట్టే ఉంటది."

అవతల బడి వదిలే గంట మోగింది. పిల్లలు ఒక్కసారిగా అరుస్తూ బయటికి ఉరికిన చప్పుడు వినిపించింది. "రుచితా, టీచరుకియ్యి, టీచరుకియ్యి" అని అతియా అరుస్తూనే ఉంది. ఫోన్ ఎవరో బల్ల మీద పెట్టేసి వెళ్లారు.