ఎర్రనీళ్ల పరీక్ష

ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి నేల తుడుస్తున్న పెద్దక్కకి నేల తుడవడం నేర్పడానికి ఒక ట్రైనర్ ఊడిపడ్డాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కార్డు, చేతిలో రిమోట్. చీపురు ఏ కొసన పట్టుకోవాలో తెలియని ఆ మహానుభావుడు మూడు రోజులు తెర మీద బొమ్మలు చూపించాడు. ముప్పైమంది ఆయాలూ డ్యూటీ దిగాక కునికిపాట్లు పడుతూ చూశారు. చూడక చస్తారా? సర్టిఫికెట్ లేనివాళ్లు ఇక వార్డులో అడుగు పెట్టకూడదని కాంట్రాక్టరు నోటీసు అంటించాడు మరి.

నాలుగో రోజు పరీక్ష. ట్రైనర్ నేల మీద ఎర్రరంగు నీళ్లు ఒలకబోశాడు. అది రక్తమట. "నేను స్టార్ట్ అన్నాక..." అంటూ అతను గడియారం సరిచేసుకునేలోపే పెద్దక్క గుడ్డ వేసి, మందు చల్లి, తుడిచేసి, చేతులు కూడా కడుక్కుంది. నేల మీద రక్తం కనబడితే ఒకరు చెప్పేదాకా ఆగడం ఆమె ఏనాడూ ఎరగదు.

"స్టార్ట్ అనకముందే మొదలుపెట్టారు. ఫెయిల్," అన్నాడు ట్రైనర్.

"నేల శుభ్రమైందా లేదా సార్?"

"అది కాదమ్మా పాయింటు."

మొగుడు మంచాన పడ్డాక పెద్దక్క ఇల్లు గడిచేది ఈ పనితోనే. గోడకి ఆనుకున్న కాంట్రాక్టరు మాత్రం నవ్వు దాచుకోలేదు. పాతవాళ్లని గెంటి, సగం జీతానికి కొత్తవాళ్లని దించాలని వాడి ఎత్తు.

ట్రైనర్ మళ్లీ నీళ్లు ఒలకబోసి, ఆయాల్లోనే ఉన్న పెద్దక్క ఆడపడుచుని పిలిచాడు. ఆమె లేవలేదు.

"మా వదిన ఫెయిలైతే నేనూ ఫెయిలే. రాసుకోండి."

"నన్నూ రాసుకోండి," అంది వెనక నుంచి ఒకామె. ఆ తర్వాత ఇంకొకామె. ముప్పైమందీ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"పొగరెక్కిందా? రేపు వందమందిని తెస్తా," అని ఒంటికాలి మీద లేచాడు కాంట్రాక్టరు.

అప్పుడే నర్సు పరిగెత్తుకొచ్చింది. "కాన్పుల గది నేలంతా రక్తం. నొప్పులు పడుతున్న ఇంకొకామెని లోపలికి తేవాలి, త్వరగా రండి."

పెద్దక్క కాళ్లు వాటంతటవే కదిలాయి. ఆడపడుచు ఆమె కొంగు పట్టుకుంది. పెద్దక్క మళ్లీ కూర్చుంది.

"కూర్చున్నారేం, వెళ్లండి," అన్నాడు కాంట్రాక్టరు.

"ఫెయిలైనవాళ్లం కదయ్యా, ఎలా వెళ్తాం? చదువుకున్న సారున్నారుగా, ఆయన్ని పంపండి," అంది పెద్దక్క.

అందరూ ట్రైనర్ వైపు చూశారు. అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఇంతోటి పాండిత్యమూ అక్కడికే సరి.

"ఆలస్యమైతే డాక్టరుగారికి మీ పేరే చెప్తాను," అని నర్సు కాంట్రాక్టరు మీద విరుచుకుపడింది. వాడి మొహం మాడిపోయింది.

"సరే, నువ్వు పాస్. వెళ్లు," అన్నాడు పెద్దక్కతో.

"నా ఒక్కదాని సంగతి కాదు. పరీక్ష రద్దు, ఎవరి పనీ పోదు అని రాయండి. నర్సమ్మ ముందు సంతకం పెట్టండి."

రాశాడు. రాయక ఏంచేస్తాడు, గుడ్డ పట్టడం వాడికీ చేతకాదాయె. ఆడపడుచు ఆ కాగితం మడిచేలోపే పెద్దక్క కాన్పుల గదికి పరుగు తీసింది.

పని ముగించుకుని వచ్చేసరికి, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆడవాళ్లు గుమ్మం దగ్గర కాచుకుని ఉన్నారు.

"మాకు సోమవారం పెట్టారక్కా పరీక్ష," అంది వాళ్లలో ఒకామె.

"భయపడకండి. సోమవారం ముప్పైమందిమీ వచ్చి మీ పక్కన కూర్చుంటాం," అంది పెద్దక్క.