తొంభైనాలుగు శాతం ‘అన్య’

సరిహద్దు ఊరు కోంటలో పుట్టి పెరిగిన ప్రవీణకు తెలుగు, హిందీ, అక్కడి గిరిజనుల భాష దోర్లీ మూడూ వచ్చు. పైగా స్కూటీ కూడా ఉంది. ఇంధనాల సర్వే పనికి ఆమెను ఎంచుకోవడానికి ఈ రెండూ సరిపోయాయి. దేశంలో ఎవరు దేనితో వంట చేసుకుంటున్నారో లెక్క తేల్చాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సూపర్‌వైజరు గిరీష్ ఆమె చేతిలో ఒక ట్యాబ్ పెట్టి, కిష్టారం అవతల ఉన్న ఇప్పలగుంపు అనే ముప్పైనాలుగు ఇళ్ల ఊరు అప్పగించాడు. స్కూటీ సగం దూరం వెళ్లి ఆగింది. మిగతాది ఆమె నడిచింది.

మొదటి ఇల్లు సోమక్కది. వాకిట్లో ఎర్రటి గ్యాసు బండ, దాని మీద ఒక కోడి.

“సోమక్కా, గ్యాసు ఉంది గదా?” అంది ప్రవీణ సంతోషంగా.

“ఉంది బిడ్డా. బండ ఉంది, పొయ్యి ఉంది, కాగితం గూడ ఉంది. లోపల గ్యాసు ఒక్కటే లేదు.”

“ఎప్పుడు అయిపోయింది?”

“మూడేండ్లాయె. మా ఆయన బండను సైకిలుకు కట్టుకొని దోర్నపాల్ గ్యాసు ఆఫీసు దాకా పోయిండు. ‘బండి మీ ఇంటికే వస్తది, పోయి కూసో’ అన్నరు. వచ్చి కూసున్నం. మళ్ల పోయి అడిగితే, మీ ఊరికి రోడ్డు లేదు, బండి రాదు అన్నరు.”

ఆమె భర్త ఇర్మా పక్కనే గొడ్డలికి పిడి బిగిస్తూ తలూపాడు. సోమక్క మాట్లాడుతూనే రెండుసార్లు దగ్గింది. వానాకాలం కట్టెలు అంటుకోవు, ఊదీ ఊదీ ఛాతీ పట్టేస్తుంది, కళ్ల నీళ్లు ఆగవు అని చెప్పింది. చెప్పినవన్నీ రాసుకుందామని ప్రవీణ ట్యాబ్ తెరిచింది. అందులో గ్యాసు, కరెంటు, సోలార్, గోబర్‌గ్యాసు, చివర్లో ‘అన్య’ అని ఐదు గడులున్నాయి. కట్టెలకు గడి లేదు.

గుట్ట ఎక్కితే గానీ సిగ్నల్ దొరకదు. ఎక్కి గిరీష్‌కు ఫోన్ చేసింది.

“కట్టెలు తీసేశారమ్మా,” అన్నాడతను. “దేశంలో కట్టెల వాడకం తగ్గిపోతోందట. తగ్గేదానికి గడి ఎందుకని. నువ్వు గ్యాసు నొక్కెయ్.”

“గ్యాసు లేదు సార్.”

“కనెక్షన్ ఉందా, లేదా?”

“ఉంది.”

“మరింకేం?”

“కనెక్షన్ మీద అన్నం ఉడకదు గద సార్.”

“ఏదో ఒకటి నొక్కాలి. నొక్కకపోతే అది ముందుకు పోదు,” అని ఫోన్ పెట్టేశాడు.

‘అన్య’ అంటే హిందీలో ఇతరములు. ప్రవీణ దాన్ని నొక్కింది. ఆ రోజు ముప్పైరెండు ఇళ్లకు ముప్పైరెండుసార్లు నొక్కింది. బడి పంతులు, నర్సమ్మ మాత్రం కోంట నుంచి బైకు మీద గ్యాసు తెచ్చుకుంటారు. ఆ రెండిళ్లకూ గ్యాసు నొక్కి, చీకటి పడకముందే ఇల్లు చేరింది.

నెల తిరిగేసరికి రాయపూర్‌లో రంగురంగుల పటాలు తయారయ్యాయి. బొగ్గు, చమురు, గ్యాసు గీతలు అటూ ఇటూ పోతుంటే, ఇప్పలగుంపు దగ్గర ఒక ఊదారంగు స్తంభం నిట్టనిలువుగా లేచింది. అన్య, తొంభైనాలుగు శాతం. అదేమిటో ఎవరికీ తెలియలేదు. తెలియదని ఒప్పుకోవడానికి కూడా ఎవరూ సిద్ధంగా లేరు. అందుకని ప్రశ్నలు రాసి పంపారు. ఈ ఇంధనం విదేశాల నుంచి వస్తోందా? గిరీష్ ప్రవీణను అడిగి, లేదు, స్థానికమే అని రాశాడు. వాడేస్తే మళ్లీ పుడుతుందా? పుడుతుంది. దీన్ని మహిళలే నిర్వహిస్తున్నారా? అవును, తెచ్చేదీ వాళ్లే, మండించేదీ వాళ్లే.

“సార్, అది కట్టెలని చెప్పండి,” అంది ప్రవీణ భయపడి.

“చెప్పకుండా ఉంటానా? ఉత్తరమే రాశాను. కట్టెలనే ఇంధనం జాబితాలో లేదు, సరిచూసుకోమని తిప్పి పంపారు.”

చివరికి పెద్ద అధికారి చక్రధరరావు స్వయంగా వస్తున్నట్టు కబురు వచ్చింది. ఆయన కిరండుల్ గనుల కాలనీలో పెరిగిన తెలుగువాడు. ఆయన కోసం మూడు రోజుల్లో జేసీబీ వచ్చి బాట చదును చేసింది, వాగు మీద తూములు వేసింది. నాలుగో రోజు ఐదు కార్లు, ఒక బ్యానర్, ఒక జ్ఞాపిక ఇప్పలగుంపులో దిగాయి.

చక్రధరరావు సోమక్క ఇంట్లోకి వంగి వచ్చి, “అమ్మా, ఆ అన్య ఏదో ఒకసారి చూపించండి,” అన్నాడు.

సోమక్క అర్థం కాక ప్రవీణ వైపు చూసింది. ఉద్యోగం ఈ రోజుతో సరి అనుకుంది ప్రవీణ. అయినా, “కట్టెలు చూపించు సోమక్కా,” అంది.

ఆయన కట్టెలను చూశాడు. గుమ్మంలో ఉన్న ఫొటోగ్రాఫర్నీ, వాడి వెనక రెపరెపలాడుతున్న బ్యానర్నీ చూశాడు. “అద్భుతం,” అన్నాడు.

పొయ్యి సారే రాజేస్తే ఫొటో బాగుంటుందని ఫొటోగ్రాఫర్ అన్నాడు. ముందురోజు వాన పడింది. చక్రధరరావు గొంతుక్కూర్చుని ఊదుగొట్టం అందుకుని ఊదాడు. పొగ వచ్చింది. మళ్లీ ఊదాడు. మరింత పొగ వచ్చింది. మూడోసారికి ఆయనకు కళ్లు కనబడలేదు, దగ్గు ఆగలేదు. ఇర్మా ఆయన చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, మంచం మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చాడు. ఊరి ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. ఎవరూ నవ్వలేదు.

“మీరు మూడుపార్లే ఊదిన్రు సారూ,” అంది సోమక్క. “నేను పొద్దుమాపూ ఊదుత.”

ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

“మీ కార్లు ఏ దారిన వచ్చినయి?” అనడిగింది సోమక్క.

“రోడ్డు మీదేనమ్మా.”

“రోడ్డు ఉందన్నట్టేనా?”

“ఉందిగా!”

“గ్యాసు బండి మీ కార్ల కన్న పెద్దదా ఏంది?”

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. సిగ్నల్‌కు గుట్ట ఎక్కాలని ప్రవీణ చెబితే, ఆయాసపడుతూ గుట్ట ఎక్కి గ్యాసు ఏజెన్సీకి ఫోన్ చేశాడు. దిగి వచ్చాక, ప్రత్యామ్నాయ ఇంధనంలో ఆదర్శంగా నిలిచినందుకు ఊరికి జ్ఞాపిక ఇచ్చాడు. కార్యక్రమ పత్రంలో అలాగే ఉంది మరి.

తర్వాతి నెల నుంచి గ్యాసు బండి రావడం మొదలైంది. నాలుగు నెలల్లో పంతొమ్మిది ఇళ్లు తీసుకున్నాయి. ప్రవీణ మళ్లీ సర్వేకు వెళ్లి, ఈసారి హుషారుగా గ్యాసు నొక్కింది. పది రోజులకు గిరీష్‌కు మెమో వచ్చింది. ఆదర్శ గ్రామంలో అన్య వినియోగం ఇంతగా పడిపోవడానికి బాధ్యులెవరో విచారించి, పూర్వస్థితికి తీసుకురావలెనని.

గిరీష్ ఇప్పలగుంపు ఎప్పుడూ చూడలేదు. ప్రవీణ స్కూటీ మీద విచారణకు బయలుదేరి, దారి పొడవునా ఏం అడగాలో గొణుక్కుంటూ కూర్చున్నాడు. వాళ్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. సోమక్క గ్యాసు పొయ్యి మీద వండిన వేడి అన్నం, చేపల కూర వడ్డించింది.

“ఏం పని మీద వచ్చిన్రు సారూ?”

గిరీష్ జేబులోని మెమోను తడిమాడు. ప్రవీణ చెప్పిన దగ్గు సంగతి గుర్తొచ్చి, తినడం మానేసి ఆమెను చూశాడు. “దగ్గు ఎలా ఉందమ్మా?” అన్నాడు.

“తగ్గింది. వండినంక నాక్కూడ ఆకలైతాంది ఇప్పుడు. ముందు ఇంత పొగ మింగినంక తినబుద్ధయ్యేది కాదు.” గరిటె ఎత్తి పట్టుకుంది. “ఇంకొంచెం వెయ్యనా?”

“వెయ్యమ్మా,” అని గిరీష్ పళ్లెం ముందుకు జరిపాడు.